ఒక్కరోజులో ఓరుగల్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆడవాళ్లు వరంగల్‌కు పోతూనే ఉంటారు. దవాఖానకు పోతారు. పెండ్లి బట్టలకు పోతారు. కోటను మాత్రం చాలామంది చూడలేదు. పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరొచ్చు.

ముందు తిరుగు బస్సు సంగతి తెలుసుకోవాలి. ఆఖరి బస్సు ఎన్ని గంటలకో బస్టాండులో అడిగి, చీటీ మీద రాసుకోవాలి. మిగతాదంతా దాన్నిబట్టే. జనగామ, మహబూబాబాద్ వాళ్లకు రైలు కూడా ఉంది. భూపాలపల్లి వాళ్లకు బస్సే దిక్కు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. ఎక్కేముందు బోర్డు చదవాలి. డీలక్స్ అని ఉంటే పైసలు పడతాయి. ఇప్పుడు ఎవరినీ అడగనక్కర లేదు, చదువు వచ్చింది కదా!

సద్ది కట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది.

హనుమకొండలో మొదట వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. నల్లరాతి స్తంభాలు అద్దంలా మెరుస్తాయి. అక్కడి నుంచి ఆటోలో కోటకు పోవాలి. కిరాయి ముందే మాట్లాడుకోవాలి.

కోట రాతిగోడను గణపతిదేవుడు మొదలుపెట్టాడు. ఆయన బిడ్డ రుద్రమదేవి పూర్తి చేసింది. ఆడమనిషి రాజ్యమేలడం కొందరికి నచ్చలేదు. తిరుగుబాటు చేశారు. ఆమె వాళ్లను అణచింది. ఇది 700 ఏండ్లకు పైబడిన మాట. లోపల నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలున్నాయి. 2014లో తెలంగాణ రాజముద్రలో పెట్టిన తోరణం ఇదే. నడుమ గుడి కూలిపోయింది. చెక్కిన రాళ్లు నేల మీదే ఉన్నాయి. ఇక్కడ తొందర పడొద్దు.

రామప్ప గుడి కూడా అదే రోజు చూడాలంటే ఉరుకులాటే. అది ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. భూపాలపల్లి వాళ్లకు దగ్గర. దానికి ఇంకో రోజు పెట్టుకోవాలి.