మీ పిల్లి వింతగా చేస్తోందా?

చిక్కడపల్లి, అశోక్‌నగర్ సందుల్లో పిల్లి తిరగని వాకిలి తక్కువ. పాల కోసం వచ్చిన పిల్లే మెల్లగా ఇంట్లో మనిషైపోతుంది. అది ఉన్నట్టుండి నేల మీద దొర్లినా, నోరు తెరిచి అలాగే ఉండిపోయినా "గాలి సోకిందేమో" అని కంగారుపడతాం. ఈ వింతల్లో కొన్ని ఉత్త సరదా, కొన్ని ప్రాణాల మీదికి వచ్చేవి. ఆ తేడా తెలిసుండాలి.

భయపడనక్కర్లేనివి

గోడల పక్కన మొలిచే కుప్పింటాకు మొక్కని వేళ్లతో పీకి చూడండి. చాలా పిల్లులు పరుగున వచ్చి వేరుకి మొహం రుద్దుకుంటాయి, చొంగ కారుస్తాయి, దొర్లుతాయి. విదేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్క చేసే పని కూడా ఇదే. ఆ వాసన మత్తు కాసేపటికి దానంతటదే దిగిపోతుంది. అన్ని పిల్లులూ ఇలా చెయ్యవు.

ఏదైనా వాసన చూసి పైపెదవి ఎత్తి, నోరు కొంచెం తెరిచి నిలబడిందా? పిల్లికి అంగిట్లో కూడా వాసన పట్టే అవయవం ఉంది. అందుకే అలా చేస్తుంది. కిటికీలోంచి పావురాన్ని చూసి పళ్లు టకటకలాడించడమూ మామూలే.

ఆలస్యం చెయ్యకూడనివి

కుక్కలా నాలుక బయటపెట్టి రొప్పడం పిల్లికి మంచిది కాదు. ఎండాకాలమైతే చల్లని చోటికి చేర్చి, ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా ఒంటేలు రాకపోతే మలబద్ధకమని ఊరుకోకండి. మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరకముందే పిల్లి నడిచి, తర్వాత కాళ్లు నాక్కుంటుంది. చొంగ, వాంతి, వణుకు మొదలవుతాయి. నేల ఆరేదాకా తలుపు వేసి ఉంచండి.

జ్వరంగా ఉందని పారాసిటమాల్ అసలే వెయ్యకండి. మనలా దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రే చంపుతుంది. చిగుళ్లు గోధుమరంగుకి తిరగడం, మొహం, పాదాలు వాయడం దాని గుర్తులు. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూరలు, పులుసులు కూడా పెట్టకండి. అవి దాని రక్తాన్ని పాడుచేస్తాయి.

ఎక్కడికి వెళ్లాలి?

నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. పిల్లిని మూత ఉన్న బుట్టలో పెట్టి తీసుకెళ్లండి. అది నాకిన సీసానో, మింగిన మాత్రల అట్టనో వెంట తీసుకెళితే డాక్టరుకి పని సులువు. మీరే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి.

బాధలో ఉన్న పిల్లి అయినవాళ్లనైనా కరుస్తుంది. కరిచినా, రక్కినా ఆ చోటుని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ ఇంజెక్షన్‌కి వెళ్లండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పసుపు అద్ది ఊరుకుంటే సరిపోదు.