కెరటాల నాడి పట్టే ఉక్కు బంతి

ఎండాకాలం సాయంత్రాలు కరీంనగర్‌లో ఇంట్లో ఉక్కపోతకు తట్టుకోలేక మనుషులు మానేరు డ్యాం కట్ట మీదికి పోతారు. పిల్లలకు మొక్కజొన్న కంకులు కొనిచ్చి, గట్టు మీద కూర్చుని నీళ్ల దిక్కు చూస్తారు. 24 టీఎంసీలు పట్టే జలాశయం అది. నిండుగా ఉన్ననాడు అవతలి ఒడ్డు కంటికి ఆనదు. గాలి లేస్తే నీళ్లు కూడా లేస్తాయి. చిన్న చిన్న అలలు రెండు సెకన్లకొకటి చొప్పున వచ్చి రాతి కట్టకు కొట్టుకుంటాయి. గాలి ఆగిన కాసేపటికి అవీ సద్దుమణుగుతాయి. నా చిన్నతనంలో నాకు తెలిసిన సముద్రం అదే. అల అంటే ఇక్కడి గాలి ఇక్కడి నీళ్లను కదిలించడమని చాలా ఏళ్లు అనుకున్నాను.

మొదటిసారి విశాఖపట్నం వెళ్లినప్పుడు ఆ లెక్క తప్పింది. ఆ రోజు తీరంలో ఆకు కూడా కదలడం లేదు. కానీ రామకృష్ణా బీచ్ దగ్గర మనిషెత్తు కెరటాలు తీరుబడిగా, దూరం దూరంగా వచ్చి విరిగిపడుతున్నాయి. వాటి మధ్య ఒకచోట నురగ లేకుండా నీళ్లు నున్నగా ఉన్నాయి. పిల్లలతో అక్కడ దిగుదామని అడుగు వేస్తుంటే, వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన కేకేశాడు. "బాబూ, నురగ లేదు కదా అని అక్కడ దిగకండి. లాగేస్తాది!" ఎందుకు తాతా అని అడిగితే, ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ అక్కడినుంచే వెనక్కి పోతాయని చెయ్యి తిప్పి చూపించాడు. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. గాలి లేకుండా అంత అల ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మాత్రం నాతోపాటే కరీంనగర్‌ దాకా వచ్చింది.

జవాబు గాలి పరుగులో ఉంది. నీటి మీద ఎంత దూరం, ఎంతసేపు, ఎంత వేగంతో గాలి వీస్తే అల అంత పెరుగుతుంది. మానేరు మీద గాలికి దొరికేది కొద్ది కిలోమీటర్ల మైదానం. అందుకే అక్కడి అల రెండు సెకన్లది, ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి ఆరు మీటర్లు. హిందూ మహాసముద్రపు దక్షిణపు కొసన, అంటార్కిటికా అంచుల్లో లేచే తుఫాన్లకు వేల కిలోమీటర్ల నీళ్లు ఖాళీగా పరిచి ఉంటాయి. అక్కడ 18 సెకన్ల అలలు కూడా పుడతాయి. లోతైన నీటిలో అల పొడవుకు ఒక సూత్రం ఉంది: సెకన్ల సంఖ్యను దానితోనే గుణించి, దాన్ని 1.56తో గుణిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. 18 సెకన్ల అలకు లెక్క వేయండి. అర కిలోమీటరు! అలాంటి అలల గుంపు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, అంటే మన పల్లెవెలుగు బస్సంత వేగంతో, పగలూ రాత్రీ ఆగకుండా ప్రయాణిస్తుంది. రోజుకు 1,200 కిలోమీటర్లు. దారిలో పోగొట్టుకునే శక్తి చాలా తక్కువ. తనను పుట్టించిన గాలి చచ్చిపోయి వారమైన తరువాత అది మన ఒడ్డుకు చేరుతుంది.

గాలిని బట్టి అలను మొదట లెక్క కట్టింది యుద్ధం కోసం. 1942లో అమెరికా సైన్యం ఉత్తర ఆఫ్రికా తీరంలో దిగడానికి కరొలినా ఒడ్డున పడవలతో సాధన చేస్తోంది. అల ఆరేడు అడుగులు దాటితే పడవ అడ్డం తిరిగి నీళ్లు నిండేవి, ఆ రోజుకు సాధన ఆపేసేవారు. వియన్నాలో పుట్టి అమెరికా చేరిన వాల్టర్ మంక్ అనే పాతికేళ్లు నిండని కుర్రవాడు ఇది చూసి, మరి దాడి జరగాల్సిన మొరాకో ఒడ్డున చలికాలంలో అలలు ఎంత ఉంటాయని వెతికాడు. చాలా రోజులు అంతకంటే పెద్దవే. సాధన ఆపినట్టు యుద్ధాన్ని ఆపలేరు కదా! తన గురువు, నార్వే దేశస్థుడైన హరాల్డ్ స్వెర్‌డ్రప్‌ను కలుపుకుని గాలి పటాల నుంచి అల ఎత్తును అంచనా వేసే పద్ధతి తయారు చేశాడు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో వందమందికి పైగా సైనిక వాతావరణ నిపుణులు ఆ పద్ధతి నేర్చుకున్నారు. 1944 జూన్ 5న జరగాల్సిన నార్మండీ దాడి ఒక్కరోజు వెనక్కి జరిగి 6న మొదలవడంలో గాలితోపాటు అల అంచనాకూ పాలు ఉంది. ఈనాడు సర్ఫింగ్ కుర్రాళ్లు ఫోన్‌లో చూసుకునే బీచ్ అలల పట్టికకు పుట్టిల్లు అదే.

ఆ రోజుల నుంచి మిగిలిపోయిన ఒక మాట ఇప్పటికీ వాడుకలో ఉంది: 'సార్థక అల ఎత్తు'. వచ్చే అలలన్నిటినీ కొలిచి, వాటిలో పెద్దవైన మూడో వంతు అలల సగటు తీస్తే వచ్చేది అది. అనుభవమున్న పడవవాడు కంటితో చూసి "ఇవాళ అల ఇంతుంది" అని చెప్పే ఎత్తుకు ఈ సగటు దగ్గరగా ఉంటుంది. నాకు ఇది ఎంతో నచ్చిన విషయం. సరంగు కంటిచూపుకు తగిన కొలమానం వెతికిన శాస్త్రం అది.

అంచనా వేయడం ఒక ఎత్తు, అది నిజమైందో లేదో చూడడం ఇంకో ఎత్తు. నడిసముద్రంలో అలను కొలిచేదెలా? ఒడ్డు దగ్గరైతే గుంజ పాతి గీతలు గీయవచ్చు. సముద్రం అడుగున పీడనం కొలిచే పరికరం పెట్టవచ్చు. ఇంగ్లండ్‌లో బార్బర్, అర్సెల్ అనే ఇద్దరు అలాంటి పరికరంతోనే కార్న్‌వాల్ ఒడ్డుకు వచ్చే అలలను సెకన్ల ప్రకారం విడదీసి, వాటిలో కొన్ని దక్షిణ అమెరికా చివరన ఉన్న కేప్ హార్న్ దిక్కు నుంచి వచ్చాయని 1948లో రుజువు చేశారు. కానీ 50 మీటర్ల లోతున గుంజ ఎవరు పాతగలరు?

ఆ అవసరం నెదర్లాండ్స్‌కు చావుబతుకుల అవసరంగా వచ్చింది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి కరకట్టలు తెగి ఆ చిన్న దేశంలో 1,836 మంది చనిపోయారు. కొత్త కట్టలు ఎంత ఎత్తున కట్టాలో తేలాలంటే ముందు అలను కొలవాలి. 1960ల్లో డేటావెల్ అనే డచ్చి కంపెనీ తయారు చేసిన వేవ్‌రైడర్ బోయా, అంటే నీటి మీద తేలుతూ అలను కొలిచే సాధనం, ఆ పనికి పుట్టింది. చూడడానికి పసుపు రంగు వేసిన గుండ్రని ఉక్కు బంతి. అడ్డుకొలత 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే మన పెళ్లిళ్లలో అన్నం వండే పెద్ద గుండిగంత. నెత్తిమీద ఒక యాంటెన్నా, మినుకుమినుకుమనే దీపం.

దాని తెలివంతా కడుపులో ఉంది. ఆదిలాబాద్ రోడ్డు మీద బస్సు గతుకులో పడి లేచినప్పుడు కడుపులో ఒకటి జారినట్టుంటుంది కదా, అది వేగంలో వచ్చిన మార్పు. ఆ మార్పును ప్రతి క్షణం కొలుస్తూ పోతే, లెక్క వేసి ముందు వేగాన్ని, ఆ వేగం నుంచి ఎంత ఎత్తు లేచామో, ఎంత కిందికి దిగామో తెలుసుకోవచ్చు. కళ్లకు గంతలు కట్టుకుని బస్సెక్కిన మనిషి ఘాట్ రోడ్డు ఎత్తుపల్లాలు గీసి చూపించినట్టు! చిక్కేమిటంటే, బంతి అల మీద పైకీ కిందికీ ఊగడమే కాదు, అల వాలును బట్టి పక్కలకూ ఒరుగుతుంది. కొలిచే పరికరం కూడా దానితోపాటు ఒరిగితే లెక్కంతా తప్పుతుంది. అందుకని పెద్ద బంతి లోపల ద్రవం నింపిన ఇంకో గోళం పెట్టారు. ఆ ద్రవంలో సన్నని తీగలకు వేలాడే బల్ల ఒకటి ఉంటుంది. బయట బంతి ఎంత దొర్లినా బల్ల మాత్రం సమంగానే ఉంటుంది. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడిచొచ్చే మన ఆడవాళ్ల మెడ చేసే పని, ఇక్కడ ఆ ద్రవం, ఆ తీగలు చేస్తాయి. అడుగున లంగరు. లంగరుకు బంతికి మధ్య 30 మీటర్ల రబ్బరు తాడు. అల వచ్చినప్పుడు తాడు సాగుతుంది కాబట్టి బంతి అలతోపాటు స్వేచ్ఛగా లేస్తుంది. దిక్సూచి, పక్క ఊపులను కొలిచే పరికరాలు చేరాక అల ఏ దిక్కు నుంచి వస్తోందో కూడా చెప్పడం మొదలుపెట్టింది. అరగంటకొకసారి లెక్క కట్టి రేడియో ద్వారానో ఉపగ్రహం ద్వారానో ఒడ్డుకు పంపుతుంది.

మన తీరానికి సముద్రాన్ని కొలిచే విద్య ఈ బోయా కంటే ముందే వచ్చింది. స్వెర్‌డ్రప్ దగ్గర స్క్రిప్స్‌లో పనిచేసిన యూజీన్ లఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చాడు. భూగర్భ శాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్, విద్యార్థులు, లఫాండ్ కలిసి బంగాళాఖాతాన్ని కొలవడానికి పడవలెక్కారు. వాల్తేరు ఒడ్డున ఏ కాలంలో ఇసుక కోసుకుపోతుందో, ఏ కాలంలో తిరిగి చేరుతుందో కూడా వాళ్లు పట్టుదలగా కొలిచారు. తెలుగునాట సముద్ర శాస్త్రానికి పునాది అక్కడ పడింది.

ఇప్పుడు మన దేశపు కెరటాల జోస్యం వెలువడేది సముద్రమే లేని తెలంగాణ నుంచి. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, హైదరాబాద్ ప్రగతినగర్ దగ్గర ఉంది. 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రమూ అదే ప్రాంగణంలో నడుస్తోంది. దేశం చుట్టూ తీరంలో లంగరేసిన వేవ్‌రైడర్ బంతులు, విశాఖ ముందు ఉన్నదానితో సహా, తమ నాడిని అక్కడికే చెబుతాయి. కంప్యూటర్లు ప్రపంచ గాలి పటాలను తీసుకుని సముద్రాన్ని గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఏ సెకన్ల అల ఏ దిక్కుకు ఎంత శక్తితో పోతోందో లెక్కిస్తాయి. రాబోయే రోజులకు మూడేసి గంటల అంతరంతో పట్టిక తయారవుతుంది. ఆ పట్టిక నిజమా కాదా అని తేల్చే సాక్షి మాత్రం ఆ ఉక్కు బంతే. కంప్యూటర్ రెండు మీటర్లని, బంతి రెండున్నర అంటే దిద్దుకోవాల్సింది కంప్యూటరే.

దాని ధైర్యం తెలిసింది 2013 అక్టోబరు 12న. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అది ఒడిశాలోని గంజాం తీరమే అయినా, అక్కడ వేటకు పోయే జాలరుల్లో ఎంతోమంది ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. 50 మీటర్ల లోతున కట్టేసి ఉన్న అక్కడి బంతి తెగిపోకుండా నిలబడి కొలిచింది: సార్థక అల ఎత్తు 7.3 మీటర్లు, ఒక్క అల అయితే 13 మీటర్లు దాటింది. నాలుగంతస్తుల ఇల్లంత నీరు! సగటుకు, అతి పెద్ద అలకు మధ్య దాదాపు రెట్టింపు తేడా ఉందని గమనించండి. సూచనలో రెండు మీటర్లని రాసి ఉంటే, గంటలో ఎప్పుడో ఒకటి నాలుగు మీటర్లది రావచ్చని అర్థం. 'ఇప్పటిదాకా బాగానే ఉంది కదా' అని బండమీద నిలబడి ఫొటో దిగేవాళ్లను తీసుకుపోయేది ఆ ఒక్కటే.

ఆ బంతికి తుఫాను కంటే పెద్ద కష్టం మనుషుల నుంచి వస్తుంది. వలలు చుట్టుకుంటాయి, కొందరు దానికి పడవలు కట్టేస్తారు, పరికరాలు ఊడబీకిన సందర్భాలూ ఉన్నాయి. ఒంటికి పట్టే సముద్రపు గుల్లలు బరువై ఊగడం మందగిస్తుంది. ఎప్పటికప్పుడు పడవ వేసుకుని వెళ్లి గోకి, బ్యాటరీలు మార్చి రావాలి. ఒక్క బంతి మూగబోతే ఆ తీరానికి సాక్షి లేనట్టే.

2024 వేసవి ఇంకా మరవలేం. ఏప్రిల్ 26 ప్రాంతంలో మన తీరానికి సుమారు పదివేల కిలోమీటర్ల అవతల ఒక అల్పపీడనం దక్షిణ సముద్రాల్లో తిరిగింది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఎనిమిది రోజుల ప్రయాణం. సరిగ్గా అలాగే మే 4 నాటికి పెద్ద అలలు కేరళ, తమిళనాడు ఒడ్డులను తాకాయి. కేరళ జాలరులు దీన్ని కళ్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రమని. ఇన్‌కాయిస్ ముందే హెచ్చరించింది. అయినా మే 6న కన్యాకుమారి జిల్లాలో ఒక బీచ్‌లో దిగిన ఐదుగురు వైద్య విద్యార్థులు కెరటాలకు బలైపోయారు. పదివేల కిలోమీటర్ల నుంచి వస్తున్న అలను పట్టుకున్న విజ్ఞానం, ఒడ్డున నిలబడ్డ పిల్లల చెవి దాకా చేరలేకపోయింది. ఇది నన్ను చాలా బాధించే విషయం.

ఒకటి మాత్రం ఏ బంతీ చెప్పలేదు. అల తన ఎత్తుకు కొంచెం ఎక్కువ లోతు నీళ్లలోకి రాగానే విరుగుతుంది. విశాఖ లాంటి ఇసుక తీరంలో అది ఎక్కడ విరుగుతుందన్నది నీళ్ల కింద ఇసుక తిన్నె ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ తిన్నెలు వారానికొక చోటికి జరుగుతాయి. తిన్నె మీద అల విరిగి నురగ లేస్తుంది. తిన్నెల మధ్య సందులో లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, నురగ ఉండదు. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ ఆ సందులోంచే వడిగా వెనక్కి తోసుకుపోతాయి. నాకు ఆ పెద్దాయన చూపించిన నున్నని నీళ్లు అవే. లోపలికి లాగేసినప్పుడు ఒడ్డుకు ఎదురీదితే ఎంతటివాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈది ఆ సందు దాటాలి. ఈత రాకపోతే చెయ్యెత్తి కేక వేస్తూ తేలి ఉండాలి.

కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్‌ల నుంచి ప్రతి ఏడూ ఎన్నో బస్సులు విశాఖకు, బాపట్ల సూర్యలంకకు బయలుదేరుతాయి. వాటిలో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసేవాళ్లే. బస్సెక్కే ముందు ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లోనో వాళ్ల 'సముద్ర' యాప్‌లోనో మీరు వెళ్లే ఒడ్డు సూచన చూడండి. ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోకండి, పక్కన సెకన్లు కూడా చూడండి. ఎత్తు మీటరే ఉన్నా సెకన్లు 15 దాటితే అది ఎక్కడో దూరాన పెద్ద తుఫాను నుంచి వస్తున్న అల, మోకాలి లోతు దాటకండి. హెచ్చరిక ఉంటే అసలు దిగకండి. ఒడ్డుకు చేరాక, నీళ్లలో కాలు పెట్టే ముందు, అక్కడ వల బాగు చేసుకుంటున్న మనిషిని ఒక్కమాట అడగండి.