పరుగెత్తే బండి మీద పాట

అనకాపల్లిలో కొత్త బొమ్మ పడినా, నూకాంబిక అమ్మవారి జాతర దగ్గరకు వచ్చినా, ఆ కబురు ఒకప్పుడు వీధుల్లోకి రిక్షా ఎక్కి వచ్చేది. రిక్షా పైన ఉమ్మెత్త పువ్వులాటి లౌడుస్పీకరు, సీటు మీద ఆంప్లిఫయరు పెట్టె, కాళ్ళ దగ్గర కారు బాటరీ. మైకు పట్టుకున్న మనిషి ఒక పాట వేసి, అది మంచి పట్టులో ఉండగా ఆపేసి, సినిమా పేరు చెప్పేవాడు. పిల్లలు కరపత్రాల కోసం వెనక పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు ఆ పని ఆటోలు చేస్తున్నాయి.

ఈ రోజుల్లో కుర్రవాళ్ళు మోటారుసైకిలుకు పాటలపెట్టె పెట్టించుకోవాలని ఉబలాటపడుతున్నారు. రిక్షాలో ఉన్న మూడు వస్తువులే ఇందులోనూ ఉన్నాయి: బాటరీ, ఆంప్లిఫయరు, స్పీకరు. కాని రిక్షా నడకతో పోతుంది. మోటారుసైకిలు పరుగెత్తుతుంది. చిక్కంతా ఆ పరుగులోనే ఉన్నది. మీ అన్నయ్యో బాబాయో అలాటి ఆలోచనలో ఉంటే, ఈ సంగతులు ఆయన చెవిని వెయ్యండి.

పరుగెత్తే బండిలో పాట వినాలనే కోరిక కొత్తది కాదు. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అనే ఆయన కారులో పెట్టటానికి వీలైన రేడియో తయారు చేశాడు. అట్లాంటిక్ సిటీలో రేడియోలు తయారు చేసేవాళ్ళ సభ జరుగుతున్నది. లోపల గాల్విన్‌కు అంగడి లేదు. అందుచేత ఆయన తన కారును బయటనే నిలిపి, వచ్చేపోయేవాళ్ళకు వినిపించేటట్టు రేడియో పెట్టాడు. ఆ రేడియోకు పెట్టిన పేరు మోటరోలా. అప్పటికి ట్రాన్సిస్టరు పుట్టలేదు; అది 1947 నాటిది. రేడియోలో గాజు వాల్వులుండేవి. అవి వేడెక్కటానికే బోలెడు విద్యుచ్ఛక్తి కావాలి. అలాటి దాన్ని మోటారుసైకిలు మీద మొయ్యటం తేలిక కాదు. ట్రాన్సిస్టరు వచ్చాకనే రేడియో జేబులోకి దిగింది, మోటారుసైకిలుకూ సులువయింది.

ముందు బాటరీ సంగతి చూద్దాం. ఇది అయిదో తరగతి లెక్క. మామూలు చిన్న మోటారుసైకిలులో 12 వోల్టుల బాటరీ ఉంటుంది. దాని శక్తి సుమారు 3 ఆంపియర్-గంటలు. అంటే 3 ఆంపియర్ల విద్యుత్తు ఒక గంటసేపు, లేదా 1 ఆంపియరు మూడు గంటలు ఇవ్వగలదన్నమాట. 24 వాట్ల ఆంప్లిఫయరు కొన్నారనుకోండి. 24ను 12తో భాగిస్తే 2 ఆంపియర్లు. కాబట్టి ఇంజను ఆపి, చెట్టు కింద కూచుని, గట్టిగా పాటలు వింటే బాటరీ గంటన్నరకు ఖాళీ అవుతుంది. పాటంతా ఒకే గట్టిగా ఉండదు గనక కాస్త ఎక్కువసేపే రావచ్చు. కాని పాట ఇంకా వినిపిస్తూ ఉండగానే, ఇంజను తిప్పే శక్తి బాటరీలో లేకుండా పోతుంది. అప్పుడు కిక్కు కొట్టుకోవటమే. కిక్కు లేని బండి అయితే తొయ్యటమే!

ఇంజను తిరిగేటప్పుడు లోపలి జనరేటరు బాటరీని నింపుతూ ఉంటుంది. అయితే దాన్ని నమ్ముకున్న వాళ్ళు ఇంకా ఉన్నారు. మన దేశంలో 2017 ఏప్రిలు నుంచి కొత్త మోటారుసైకిళ్ళకు ఇంజను నడుస్తున్నంత సేపూ ముందు దీపం వెలిగే ఉంటుంది. 35 వాట్ల దీపం దాదాపు 3 ఆంపియర్లు తింటుంది. పాటల పెట్టె కొనేముందు, దీపం వెలుగుతూ ఉండగా బండిలో ఎంత విద్యుత్తు మిగులుతుందో మెకానిక్కును అడగాలి.

బాటరీ నుంచి వచ్చే తీగకు ఫ్యూజు తప్పనిసరి. అదీ బాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. తీగ పెట్రోలు టాంకీ కింద నుంచి హాండిలు దాకా పోతుంది. హాండిలు తిరిగినప్పుడల్లా తీగ ఇనుముకు రాసుకుంటుంది. కొన్నాళ్ళకు పైతొడుగు అరిగి, లోపలి రాగి బండి చట్రానికి తగులుతుంది. అప్పుడు బాటరీలోని శక్తి అంతా ఒక్కసారిగా ఆ దారిన పరుగెత్తి తీగ ఎర్రగా కాలుతుంది. పైనేమో పెట్రోలు! ఫ్యూజు ఉంటే ముందు అది తెగిపోతుంది. నాలుగు రూపాయలు కలిసి వస్తాయని ఫ్యూజు లేకుండా తీగ కలిపేవాడు ఎంత చెయ్యి తిరిగిన మెకానిక్కయినా సరే, అతని చేత పని చేయించవద్దు. పిల్లలు ఈ పని చూడవచ్చు గాని, చెయ్యకూడదు.

ఇక రేడియో. విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలయింది. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో వింటూ ఉంటే, వీధిలో మోటారుసైకిలు పోయినప్పుడు పాట మధ్యలో బరబరమని చప్పుడు వచ్చేది. ఎందుకో తెలుసా? ఇంజనులో పెట్రోలును అంటించటానికి ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. నిమిషానికి 4000 చుట్లు తిరిగే నాలుగు ఘాతాల ఇంజనుకు రెండు చుట్లకు ఒకటి చొప్పున, సెకనుకు 33 రవ్వలు కావాలి. విద్యుత్తుతో పుట్టిన ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో స్టేషను. 1887లో హెర్ట్జ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు రేడియో తరంగాలను మొదట పట్టుకున్నది ఇలాటి రవ్వలతోనే. ఈ అల్లరిని తగ్గించటానికి ప్లగ్గు టోపీలో నిరోధకం పెడతారు. ఎఫ్.ఎం. రేడియోలో చప్పుడు ఇంకా తక్కువ. రవ్వ తరంగం ఎత్తును చెడగొడుతుంది, ఎఫ్.ఎం.లో పాట దాగి ఉండేది ఎత్తులో కాదు, తరంగాలు సెకనుకు ఎన్ని వస్తున్నాయన్న లెక్కలో. ఆ ఉపాయం 1933లో అమెరికావాడైన ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంటు పొందినది.

ఇంత చేసి స్పీకర్లు హాండిలుకు బిగిస్తే ఏమవుతుంది? బండి ఆగి ఉన్నప్పుడు బజారంతా వింటుంది. కదిలాక నడిపేవాడికే వినిపించదు. దీనికి కారణం గాలి.

ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. రేడియో సన్నగా పెట్టి, టేబిలు ఫాను ముందు పక్కకు తిరిగి కూచోండి. చెవిలో హోరు పుట్టి పాట మునిగిపోతుంది. చెవికీ ఫానుకూ మధ్య అట్ట అడ్డం పెట్టండి. పాట తిరిగి వస్తుంది. శారదా నది నిండుగా పారేటప్పుడు వంతెన స్తంభాలను దాటిన నీరు సుడులు తిరగటం మీరు చూసే ఉంటారు. గాలి కూడా మన తలను దాటేటప్పుడు అలాగే సుడులు తిరుగుతుంది. మనకు వినిపించే హోరు ఆ సుడులదే.

చప్పుడును డెసిబెళ్ళలో కొలుస్తారు. పది డెసిబెళ్ళు పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది. గంటకు 65 కిలోమీటర్ల వేగాన పోయేవాడికి హెల్మెట్టు లోపల గాలి హోరు సుమారు 90 డెసిబెళ్ళు ఉంటుంది. పాట తెలియాలంటే దాన్ని మించాలి గదా? ఏడు డెసిబెళ్ళు మించిందనుకుందాం, 97. పని స్థలాల్లో చెవులను కాపాడటానికి శాస్త్రజ్ఞులు ఒక లెక్క పెట్టారు: రోజుకు 85 డెసిబెళ్ళయితే 8 గంటలు వినవచ్చు, ఆ పైన మూడేసి డెసిబెళ్ళు పెరిగిన కొద్దీ కాలం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1. 97కి అరగంట! అనకాపల్లి నుంచి విశాఖపట్నం వెళ్ళటానికే గంట దాకా పడుతుంది. ప్రతి రోజూ పోయివచ్చే వాడి చెవి గతి ఏమిటి?

మన చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉన్నది. అందులో సన్నని వెంట్రుకలున్న కణాలు సుమారు 15,000 ఉంటాయి. పెద్ద చప్పుడుకు ఇవి చస్తాయి. మనిషికి ఇవి మళ్ళీ మొలవవు. నొప్పి పుట్టదు గనక వాడికి తెలియనే తెలియదు. కొన్నేళ్ళకు కోయిల కూత, పసిపిల్ల మాట అందటం మానేస్తాయి.

హెల్మెట్టులోపల చెవుల దగ్గర అమర్చే పలచని స్పీకర్లు దొరుకుతున్నాయి. వీటికి తీగ అక్కర్లేదు. ఫోను నుంచి పాట బ్లూటూత్ తరంగాల మీద వస్తుంది. (పదో శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్‌కు నీలిపన్ను అని మారుపేరు; ఈ యంత్రానికి ఆయన పేరే పెట్టారు!) ఆ తరంగం ఒక చోట నిలవదు, 79 దారుల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. ఒక దారిలో అడ్డు తగిలితే మరో దారిలో పోతుంది. హాండిలు స్పీకర్ల కన్న ఇవే నయమని నా అభిప్రాయం. దారి చెప్పే గొంతు వినటానికి మరీ బాగుంటాయి. కాని స్పీకరుకు చోటు చాలలేదని హెల్మెట్టులోని థర్మోకోలు చెక్కకూడదు. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి తలను కాపాడేది అదే. చెవి దగ్గర గుంట ముందే ఉన్న, ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్టు కొనుక్కోవాలి. రెండు చెవుల్లోనూ దూర్చుకునే ఇయర్‌ఫోనులు మాత్రం వద్దే వద్దు. వెనక వచ్చే లారీ హారను కూడా వాటితో వినపడదు.

అన్నీ బిగించాక ఒక పరీక్ష ఉన్నది. బండిని వాకిట్లో స్టాండు వెయ్యండి. అన్నయ్య హెల్మెట్టు పెట్టుకుని, ఇంజను వేసి, పాట పెట్టుకోవాలి. మరొకరు యాభై అడుగుల వెనక మరో బండి హారను, చెప్పకుండా, అయిదుసార్లు కొట్టాలి. విన్నప్పుడల్లా అన్నయ్య చెయ్యి ఎత్తాలి. అయిదింటికి నాలుగే ఎత్తితే పాట తగ్గించి మళ్ళీ మొదటినుంచి కొట్టండి. అయిదూ సరిపోయాక దానికి ఇంకో రెండు గీతలు తగ్గించాలి, వాకిట్లో గాలి హోరు లేదు గనక. ఆ అంకెను చిన్న కాగితం మీద రాసి స్పీడోమీటరు పక్కన అంటించండి.