తారలకు అగ్రపీఠం.. జానపదానికి పావుగంట

అనంతపురం: ఊరి జాతరైనా, ప్రభుత్వం జరిపే ఉత్సవమైనా కరపత్రంపై ముందుగా కనిపించేది సినీ గాయకుడి బొమ్మే. ఉరుముల నృత్యం, చెక్కభజన, గొరవయ్యల ఆట, తోలుబొమ్మలాట అన్నీ ఆ కాగితం అడుగున ‘సాంస్కృతిక కార్యక్రమాలు’ అన్న ఒక్క మాటలో ఇమిడిపోతాయి. తారలు లేనిదే జనం రారని నిర్వాహకులు అంటారు. తారలు వస్తే తమకు వేదికే మిగలదని కళాకారులు వాపోతారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అసలు చిక్కు ఏ పాట పాడారన్నది కాదు, ఆ పాటకు డబ్బు ఎవరిచ్చారన్నది.

లేపాక్షి ఉత్సవాలనే తీసుకుందాం. అప్పట్లో అనంతపురం జిల్లాలోనే ఉన్న లేపాక్షిలో (2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా) 2016 ఫిబ్రవరిలోనూ, 2018లో మార్చి 31, ఏప్రిల్‌ 1 తేదీల్లోనూ ప్రభుత్వం భారీగా ఉత్సవాలు నిర్వహించింది. హిందూపురం శాసనసభ్యుడు, సినీనటుడు నందమూరి బాలకృష్ణ వీటికి ముందు నిలిచారు. లేపాక్షి పేరు నలుగురి నోటా నానింది. బెంగళూరుకు సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఈ ఊరికి ఆ ప్రచారం అవసరమే. అయితే ఇటువంటి ఉత్సవం ముగిశాక జనానికి గుర్తుండేది ఎవరెవరు వచ్చారన్నదే తప్ప ఏ కళ చూశామన్నది కాదు.

విచిత్రమేమిటంటే లేపాక్షి ఆలయమే ఒక సంగీతోత్సవం. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయంలో నాట్యమండపపు స్తంభాలపై రంభ నర్తిస్తుంటుంది, బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడూ ఆ గోష్ఠిలో ఉంటాడు. పైకప్పున ఉన్న వర్ణచిత్రాలకూ, ఈ ప్రాంతపు తోలుబొమ్మలకూ పోలికలున్నాయని కళాచరిత్రకారులు చెబుతారు. ఆ బొమ్మల కళ ఇప్పటికీ ధర్మవరం మండలం నిమ్మలకుంటలో బతికి ఉంది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

నాటి పోషకుడు ఊరే

జానపద కళ ఒకప్పుడు ఉచితంగా సాగిందని, ఇప్పుడే వ్యాపారమైందని అనుకోవడం పొరపాటు. తోలుబొమ్మలాట బృందం ఊరూరా తిరిగి ఆడేది, ప్రతిఫలంగా ధాన్యమో, డబ్బో, బట్టలో పుచ్చుకునేది. అది వారి జీవనోపాధి. జనాన్ని కూర్చోబెట్టడానికి వారూ ఎత్తులు వేసేవారు. రామాయణ కథ మధ్యలో బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు తెరపైకి వచ్చి నవ్వించేది అందుకే. కాలక్రమంలో వీరి నోట సినిమా బాణీలూ వినిపించాయి. జనాకర్షణను తప్పుపడితే ముందుగా జుట్టుపోలిగాడినే తప్పుపట్టాలి.

మారింది పోషకుడు. అప్పట్లో డబ్బిచ్చేదీ, ఆట చూసేదీ ఒకే ఊరు. వానలు ముఖం చాటేసిన ఏడాది విరాటపర్వం ఆడిస్తే వర్షం కురుస్తుందన్న నమ్మకం పల్లెల్లో ఉండేది. ఏ కథ ఆడాలో, ఎన్ని రాత్రులు ఆడాలో ఊరే తేల్చేది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే పడే ఈ మెట్ట నేలలో వేరుశనగ వరుసగా దెబ్బతినేసరికి ఊరి చందా బక్కచిక్కింది. జాతర కమిటీలు నాయకులను, గుత్తేదారులను, వ్యాపార సంస్థలను ఆశ్రయించక తప్పలేదు. డబ్బు పెట్టే వారికి కావలసింది తమ ఫ్లెక్సీ కింద నిలబడే జనం. అంత జనాన్ని ఒక్క రాత్రిలో తెచ్చేది సినిమా పాటే. అలా కథను ఎంచుకునే హక్కు ఊరి చేయి దాటిపోయింది.

ఈ ఏర్పాటులో జానపద బృందం దక్కించుకునేది ఊరేగింపులో కాసేపు, ముఖ్య అతిథి రాకముందు వేదికపై పావుగంట. తెల్లవార్లూ ఆడవలసిన విరాటపర్వంలో పావుగంటకు కీచకుడు ద్రౌపదిని చూడనైనా చూడడు!

హంపిలో సీసా.. న్యూపోర్ట్‌లో సమాన వేతనం

పెద్ద పేరును తెస్తే ఉత్సవం గట్టెక్కుతుందన్న హామీ కూడా లేదు. మన పొరుగునే ఉన్న హంపి ఉత్సవంలో 2023 జనవరి 29న ప్రసిద్ధ గాయకుడు కైలాష్‌ ఖేర్‌ పాడుతుండగా సీసా విసిరారు. కన్నడ పాటలు పాడాలన్న డిమాండుతోనే ఆ దాడి జరిగింది. పోలీసులు ఇద్దరు యువకులను అదుపులోకి తీసుకున్నారు. దాడి ఖండించదగినదే. కానీ విజయనగర వైభవం పేరిట జరిగే ఉత్సవంలో స్థానిక భాషకు చోటెంత అన్న ప్రశ్నను అది లేవనెత్తింది.

విదేశాల్లోనూ ఈ తగవు పాతదే. ఇంగ్లండులో మైకేల్‌ ఈవిస్‌ అనే పాడి రైతు 1970లో తన పొలంలో గ్లాస్టన్‌బరీ ఉత్సవం మొదలుపెట్టినప్పుడు టికెట్టు ఒక్క పౌండు. దానికి తోడు ఉచితంగా పాలు. 2025లో అదే టికెట్టు 370 పౌండ్లు దాటింది. 2008లో ర్యాప్‌ గాయకుడు జే-జీని ప్రధాన ఆకర్షణగా ప్రకటించినప్పుడు ఇది ఆ వేదికకు తగదంటూ పెద్ద రభస జరిగింది.

మనకు పనికొచ్చే ఉదాహరణ అమెరికాలోని న్యూపోర్ట్‌ జానపద సంగీతోత్సవం. 1963లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చి, ప్రతి కళాకారుడికీ రోజుకు 50 డాలర్లు, ప్రయాణ ఖర్చులు, బస అని నిర్ణయించారు. అప్పటికే పేరు మోసిన జోన్‌ బేజ్‌కూ అంతే, మిసిసిపీ పల్లెలో వ్యవసాయ పనులు చేసుకుంటూ దశాబ్దాలపాటు మరుగునపడిన వృద్ధ గాయకుడు జాన్‌ హర్ట్‌కూ అంతే. పెద్ద పేర్ల వల్ల జనం వచ్చారు. మిగిలిన సొమ్ము జానపద గాయకులను వెతికి ఆదుకోవడానికి వెళ్లింది. తారలను వద్దనలేదు, తారల ఆకర్షణను ఇతరులకు పంచారు.

మన దగ్గర సినీ గాయకుడు 50 డాలర్లకు సమానమైన సొమ్ముకు వస్తాడని ఎవరూ ఆశించరు. కానీ ఖర్చులేని మార్పులున్నాయి. తార రావడానికి ముందు గంటల తరబడి జనం మైదానంలోనే ఎదురుచూస్తుంటారు. ఆ సమయమంతా సన్మానాలకూ, ఉపన్యాసాలకూ పోతోంది. అందులో ఒక గంట తోలుబొమ్మలాటకు కేటాయిస్తే ఒక పర్వంలోని ఒక ఘట్టమైనా పూర్తవుతుంది. కరపత్రంపై బృందం పేరు, ఊరి పేరు అచ్చువేయడానికి అదనపు సిరా అక్కర్లేదు. పారితోషికం ఆట ముగిసిన రాత్రే చేతిలో పెడితే కళాకారులు మళ్లీ మళ్లీ కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

నిమ్మలకుంటలో మేకతోలుపై ఇప్పుడు రాముడూ, రావణుడితో పాటు దీపాల మీద కప్పే షేడ్లూ తయారవుతున్నాయి. నగరాల్లో వాటికి గిరాకీ ఉంది, ఇంటికి ఆదాయమూ ఉంది. అయితే షేడ్‌ అమ్ముడుపోవడానికి పద్యం రానక్కర్లేదు. ఆట గిట్టుబాటు కాకుంటే బొమ్మ గీసే చేయి మిగులుతుంది, దాన్ని ఆడించే గొంతు మిగలదు.