'పిల్లల గొడవ' అనే మాట వెనక

బడిలో మా పిల్లగాణ్ణి కులం పేరు పెట్టి ఏడిపిస్తున్నారని తండ్రి వచ్చి చెప్పుకుంటే, చాలాచోట్ల పెద్దసారు ముందుగా అనే మాట ఒకటే: "పిల్లలన్నంక కొట్టుకుంటరు, తిట్టుకుంటరు, రేపటికల్లా కలిసిపోతరు." ఈ మాటతోనే మాకు పేచీ.

బడిలో తోటిపిల్లల వేధింపును శాస్త్రీయంగా పరిశీలించినవాళ్ళలో నార్వేకు చెందిన డాన్ ఓల్వియస్ ముఖ్యుడు. ఆయన చెప్పిన గుర్తులు మూడు: కావాలని నొప్పించడం, అది పదేపదే జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండడం. 1982లో అక్కడ ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక, మరుసటి ఏడు దేశమంతటా బడుల్లో దీనిమీద కార్యక్రమం చేపట్టారు. మనకు కావలసింది ఆ మూడో గుర్తు. సమానులు తిట్టుకుంటే గొడవ. సమానులు కానిచోట దాన్ని గొడవ అనడం బలమున్నవాడి పక్షాన నిలబడడమే. అయితే మన దగ్గర ఈ బలాన్ని కండల్లో వెతికితే దొరకదు. బక్కపల్చటి పిల్లవాడు కూడా తనకంటే రెండేళ్ళు పెద్దవాణ్ణి ఒక్క మాటతో తల దించుకునేలా చేయగలడు. ఆ మాట వెనక ఊరుంది.

ఇస్నాపూర్ సంగతే చూడండి. పటాన్‌చెరు, సంగారెడ్డిల మధ్య హైవే మీది ఊరు, పక్కనే పాశమైలారం పారిశ్రామికవాడ. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కూలికొచ్చినవాళ్ళూ, మన పల్లెల మాలమాదిగ వాడల నుంచి కదిలొచ్చినవాళ్ళూ ఇక్కడ కిరాయి గదుల్లో పక్కపక్కనే బతుకుతున్నారు. షిఫ్టు సైరన్ కులాన్ని చెరిపేస్తుందని ఆశపడ్డవాళ్ళున్నారు. అట్లాంటి చోట కులాన్ని మళ్ళీ తవ్వి తీసేది బడి. ఇంటిపేరేంది, నాయిన ఏం పని చేస్తడు, ఏ గల్లీల ఉంటరు, ఇంట్ల ఏం వండుకుంటరు - ఈ నాలుగూ తెలిస్తే కులం అడగనక్కర్లేదు. స్కాలర్‌షిప్ ఫారాల కోసం "ఎస్సీలంతా లేవండి" అని సారే క్లాసులో నిలబెడితే ఆ కాస్త శ్రమా తప్పుతుంది. సారుకు చెడు ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ఆ రోజు లేచి నిలబడ్డదెవరో క్లాసు మరిచిపోదు. ఇక బయటి రాష్ట్రం పిల్లలకు కులానికి తోడు ఇంకో పేరు. ఒడిశా నుంచి వచ్చినా సరే, 'బీహారోడు'!

సతారా బడిలో అంబేడ్కర్ ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవలసి వచ్చింది. ఆ పట్టాను బడి ఊడ్చే మనిషి కూడా ముట్టేవాడు కాదు. బంట్రోతు పైనుంచి పోస్తేనే నీళ్ళు. ఆనాడు వెలివేతను పెద్దలే అమర్చారు. ఈనాడు బెంచీలు కలిశాయి, అమర్చే పని పిల్లల నోటికి వచ్చింది.

మాట తప్పా అంటే, మాట తప్పు కాదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనాక వేలమంది తమ పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. సభలో తల ఎత్తి చెప్పుకునే పేరే బడి ఆవరణలో తిట్టవుతోంది. అందుకే "కులం పేరెత్తొద్దు" అని పిల్లల నోరు మూయిస్తే పని కాదు. అట్లా చేస్తే దళిత పిల్లవాడికి తన పేరే దాచుకోవలసిన వస్తువవుతుంది. ఎవరు, ఎవరిని, ఎందుకు అన్నారన్నది క్లాసులో మాట్లాడాలి.

మాట్లాడకపోతే ఎక్కడికి పోతుందో తమిళనాడు చూపింది. 2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో, తోటిపిల్లల వేధింపు గురించి చెప్పిన దళిత విద్యార్థి మీద వాళ్ళే ఇంటికొచ్చి కత్తులతో దాడి చేశారు. అడ్డంపోయిన చెల్లెలూ గాయపడింది. ఆ తర్వాత ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీని వేసింది. కులాన్ని చాటే చేతి దారాల దగ్గర నుంచి ఆ కమిటీ 2024లో సిఫారసులు చేసింది.

ఇక చట్టం. తప్పు చేసింది పిల్లవాడైతే పోలీస్ స్టేషన్ మొదటి మెట్టు కాకూడదని మా అభిప్రాయం. పద్దెనిమిదేళ్ళలోపు వాడి సంగతి బాలల న్యాయ చట్టం కిందికి పోతుంది, వాడూ ఆ ఊరు తయారుచేసినవాడే. పంతులు సంగతి వేరు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించి, మీరినవాళ్ళపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలంటోంది. దళితేతర పంతులు నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే అట్రాసిటీ చట్టం ఎట్లాగూ ఉంది. 32వ సెక్షన్ మన కార్యకర్తలు తక్కువగా వాడుతున్నారు: పిల్లల హక్కుపై ఫిర్యాదు రాసిస్తే స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి, తృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు పోవచ్చు.

అందుకే నోటిమాటతో వదలొద్దు. ఏ తేదీన, ఎవరెవరి ముందు, ఏ మాట అన్నారో ఆ మాటే ఉన్నదున్నట్టు రాయండి. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. అప్పుడు పెద్దసారు "ఎందుకొచ్చిన లొల్లి, టీసీ ఇస్త, ఇంకో బడిల చేర్పించుకోండ్రి" అనవచ్చు. టీసీ తీసుకోవద్దు. దెబ్బ తిన్న పిల్లే బడి విడిచిపోవాలనడం వెలివేతకు ఇంకో పేరు.