నీటికాసులు: ఉన్న చూపుకు చుక్కల మందే కాపు

2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా వద్ద ఉష్ణోగ్రత 53.9 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. అటువంటి ఎండలో, కువైట్ సిటీ వీధిలో నిలిపిన కారులో మరచిపోయిన మందుసీసా ఎంతగా కాగిపోతుందో ఊహించవచ్చు. అది నీటికాసులకు వాడే చుక్కల మందైతే నష్టం మందుతో ఆగక చూపు వరకు వస్తుంది.

నీటికాసులనే వైద్యులు గ్లకోమా అంటారు. కంటి ముందుభాగంలో ఒక పలుచని ద్రవం నిరంతరం ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడ వంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. ఈ మార్గానికి అవరోధం కలిగితే కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేరవేసే దృష్టినాడి క్రమంగా నశిస్తుంది. ఈ ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. ఆ హద్దులోనే ఉన్నా కొందరికి నాడి దెబ్బతింటుంది.

ఈ వ్యాధిలో ఎక్కువమందికి నొప్పి ఉండదు. ముందుగా పక్కచూపు తగ్గుతుంది కనుక రోగి గుర్తించలేడు. వాహనం నడిపి జీవించే ప్రవాసికి ఆ పక్కచూపే జీవనాధారం. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 నడుమ ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వేలో ఈ వ్యాధి బయటపడినవారిలో అత్యధికులకు అంతవరకు ఆ సంగతే తెలియదు. ఇందులో మరొక రకం హఠాత్తుగా వస్తుంది. తీవ్రమైన కంటినొప్పి, ఎరుపు, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు కనిపిస్తే తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

మందులు పనిచేసే మార్గాలు ప్రధానంగా రెండు. ద్రవం ఊరడాన్ని తగ్గించేవి కొన్ని. 1978లో అమెరికాలో అనుమతి పొందిన టిమొలాల్ అటువంటిది. అది నాడి వేగాన్ని తగ్గించగలదు, ఉబ్బసాన్ని ప్రమాదస్థాయికి తేగలదు. కాబట్టి దుమ్ముగాలికి ఊపిరి బిగిసేవారు ఆ విషయం కంటి వైద్యునికి ముందే చెప్పాలి. ద్రవం బయటికి పోవడాన్ని పెంచేవి మరికొన్ని. 1996లో అమెరికాలో అనుమతి పొందిన లటానోప్రోస్ట్ వీటిలో ముఖ్యమైనది. రాత్రివేళ ఒక్క చుక్క చాలు. దీనివల్ల కనురెప్పల వెంట్రుకలు పెరగవచ్చు, కంటి రంగు ముదరవచ్చు. మూత తీయని సీసాను సాధారణంగా 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. తీసిన తరువాత 25 డిగ్రీలు దాటనీయరాదు, సీసాపై తెలిపిన గడువు మీరి వాడరాదు.

చుక్క వేశాక కన్ను మూసి, ముక్కువైపు మూలను ఒకటి రెండు నిమిషాలు వ్రేలితో నొక్కితే మందు రక్తంలో కలవడం తగ్గుతుంది. రెండు మందులుంటే వాటి మధ్య ఐదు నిమిషాల విరామం అవసరం. ఇసుకగాలికి కళ్ళు దురదపెట్టినప్పుడు వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ చుక్కలు వాడడం మరొక ముప్పు; అవే కంటి ఒత్తిడిని పెంచగలవు.

సెలవుపై కడపకో గోదావరి జిల్లాలకో వెళ్ళేవారు తగినంత మందును చేతిసంచిలోనే తీసుకొనిపోవాలి. ఈ వ్యాధి కుటుంబాలలో వచ్చేది కనుక, తోబుట్టువులకు, సంతానానికి కూడా పరీక్ష చేయించాలి. మందు పోయిన చూపును తిరిగి తేలేదు. ఉన్న చూపును మాత్రం, మానకుండా వాడినవారికి, చాలావరకు నిలుపుతుంది.