పానా పట్టిన తరము

కవి మరణిస్తే పత్రికలు సంస్మరణ వ్యాసాలు ప్రకటిస్తవి. నాయకుడు మరణిస్తే ఒక వీధికి ఆయన పేరు పెడతారు. మోటారు మెకానిక్కు మరణించిననాడు అతని షెడ్డు మూసి ఉంటుంది, అంతే. ఆ సంగతి తెలియక బండి నెట్టుకొని వచ్చినవాడు పక్కనున్న పాన్ డబ్బావానిని అడిగి తెలుసుకొని, కొంతసేపు ఊరక నిలబడి, బండిని మరియొక చోటికి నెట్టుకొని పోతాడు. హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్టలలో అర్ధశతాబ్దిపాటు పానా పట్టి, సంసారాలు ఈది, ఇప్పుడు ఒకరి వెనుక ఒకరుగా కనుమరుగవుతున్న తరము ఒకటున్నది. వారిలో ఒక్కని పేరు చెబితే తక్కినవారికి అన్యాయము జరుగుతుంది. అందరి జీవితాలూ ఇంచుమించు ఒకే బాటను నడిచినవి గనుక, అందరినీ కలిపి తలచుకొనడమే ఉచితము.

పంజాగుట్ట అన్న పేరులోనే రెండు భాషలు కలిసి ఉన్నవి. అయిదు వేళ్ళ హస్తమనే అర్థముగల ‘పంజా’ పారసీకము నుండి ఉర్దూలోనికి వచ్చిన మాట, ‘గుట్ట’ అచ్చతెనుగు. ఈ మెకానిక్కుల పనిభాష కూడా అటువంటిదే. గురువు ఉస్తాదు, శిష్యుడు షాగిర్దు. మరలు విప్పే సాధనము పానా, మరమేకు బిగించేది పేచ్‌కస్. ఇంజను భాగాలకు మాత్రము ఇంగ్లీషు పేర్లే నిలిచినవి. ఇంట తెలుగు మాటలాడే పిల్లవాడు షెడ్డులో అడుగిడగానే మూడు భాషల నిఘంటువును కంఠస్థము చేయవలసి వచ్చేది.

ఈ పేటలకు ఆ వృత్తిని తెచ్చినది రహదారియే. నగరము నుండి బొంబాయి వైపు పోయే పెద్దరోడ్డు ఖైరతాబాదు దాటి, పంజాగుట్ట, అమీర్‌పేటల మీదుగా కూకట్‌పల్లి వైపు సాగుతుంది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిన నగరమిది. 1942లో స్థాపితమై, బస్సు బాడీలు కట్టిన ఆల్విన్ కర్మాగారము సనత్‌నగర్ వైపు వెలసింది. ఊరికీ కర్మాగారాలకూ నడుమ నున్న ఈ దారిలో లారీలు, బస్సులు, తరువాత స్కూటర్లు పెరిగినవి. బండి తిరిగే చోట అది ఆగిపోవడమూ తప్పదు. ఆగిన చోట ఒక రేకుల షెడ్డు లేచేది.

షాగిర్దు పదేండ్లకో పన్నెండేండ్లకో పనిలో చేరేవాడు. మొదటి ఏడాది అతడు ఇంజనును ముట్టుకొనరాదు. విప్పిన భాగాలను గ్యాస్ నూనెలో కడిగి, గుడ్డతో తుడిచి, వరుసగా పేర్చి పెట్టవలెను. ఉస్తాదు చేయి చాచగానే ఏ నంబరు పానా కావలెనో గ్రహించి అందించవలెను. తప్పిన నాడు తిట్లు, అప్పుడప్పుడు దెబ్బలు. జీతమన్న మాట చాలకాలానికి గాని వినబడేది కాదు. పూటకు తిండి, చాయ దొరికితే చాలును. ఈ పద్ధతిని కీర్తించవలసిన పని లేదు. బడిలో ఉండవలసిన పిల్లలెందరో ఈ షెడ్లలో పెరిగారు. పదునాలుగేండ్ల లోపు వారిని పనిలో పెట్టుకొనడాన్ని నిషేధిస్తూ 2016లో చట్టాన్ని సవరించడము న్యాయమే. అయినా ఆ కష్టములోనుండి వచ్చిన విద్య సామాన్యమైనది కాదన్న సంగతి కూడా చెప్పుకొనవలెను.

ఆ విద్యకు పుస్తకము లేదు. స్పార్కు ప్లగ్గు విప్పి దాని మొన చూస్తే ఇంజను సంగతి తెలిసేది. ఇటుకరంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్లు. నల్లని మసి పడితే పెట్రోలు ఎక్కువై గాలి చాలనట్లు. సున్నము వలె తెల్లబారితే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతున్నట్లు. నడుస్తున్న ఇంజనుకు పొడుగాటి పేచ్‌కస్ మొన ఆనించి, పిడిని చెవికి చేర్చుకొని వినేవాడు, వైద్యుడు గుండె చప్పుడు విన్నట్లు. పైన టిక్కుటిక్కుమంటే టాపెట్ల సందు పెరిగినట్లు, అడుగున మొద్దు చప్పుడైతే బేరింగు అరిగినట్లు. చూపు, చెవి, వేలికొన — ఇవే అతని పరికరాలు.

అంబాసిడరు, ఫియట్ కార్ల కాలమది. 1972లో బజాజ్ చేతక్ స్కూటరు వచ్చినప్పుడు పేరు నమోదు చేసుకొని సంవత్సరాల తరబడి ఎదురుచూచినవారున్నారు. అంత కష్టపడి సంపాదించిన బండిని గుమాస్తా గాని, ఉపాధ్యాయుడు గాని ఇరవై ముప్పై ఏండ్లు నడుపుకొనక తప్పేది కాదు. అందుచేత మెకానిక్కు ఆ కుటుంబానికి వైద్యుని వంటివాడైనాడు. మంచి ఉస్తాదుకు పేరు వచ్చింది అతడు మార్చిన సామాను వలన కాదు. “ఇంకా ఆర్నెల్లు నడుస్తుంది, అప్పుడు చూద్దాంలే అన్నా” అని చెప్పగలిగిన నిజాయితీ వలన. ఆ మాటతో అతని రాబడి తగ్గేది. కాని ఆ ఇంటివారి రెండవ తరము కూడా అతని షెడ్డుకే వచ్చేది.

అతని సంసారము ఆనాటి సంపాదన మీద ఆనాడు నడిచేది. ప్రావిడెంటు ఫండు లేదు, పింఛను లేదు. జూన్ మాసములో బడి ఫీజులకు, ఆడపిల్ల పెండ్లికి చిట్టీ పాటయే శరణ్యము. ఆదివారము అందరికీ సెలవు. అతనికి ఆనాడే పని ఎక్కువ, ఉద్యోగులు బండ్లు తెచ్చేది ఆనాడే గనుక. దసరాకు ఆయుధపూజనాడు పానాలను కడిగి, పసుపుకుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన ఆ ఒక్కపూట చేతులు ఖాళీగా ఉండేవి. గొట్టము నోట పెట్టి పెట్రోలు పీల్చి తీయడము నిత్యకృత్యము. ఆ పెట్రోలులో సీసము కలిపే పద్ధతి దేశమంతటా ఆగిపోయినది 2000లో. గోళ్ళ సందులలోని నలుపు వదలదు గనుక, కూతురి పెండ్లిలో కన్యాదానము చేసిన చేతులకు కూడా ఆ గుర్తు అట్లాగే ఉండేది. జిడ్డుబట్టలను సోడాతో ఉడికించి ఉతికిన ఇల్లాలి శ్రమ ఏ లెక్కలోనికీ రాలేదు.

తరువాతి కాలములో అమీర్‌పేట మరియొక విద్యకు ప్రసిద్ధి కెక్కింది. మైత్రీవనము చుట్టూ కంప్యూటరు శిక్షణ కేంద్రాలు వెలసినవి. జిల్లాల నుండి యువకులు వచ్చి, గదులు అద్దెకు తీసుకొని, కొద్ది నెలలలో పని నేర్చుకొనసాగారు. విశ్వవిద్యాలయానికి వెలుపల, పని తెలిసినవాని ఎదుట కూర్చుండి బ్రతుకుతెరువు నేర్చుకొనడము ఈ పేటకు కొత్త కాదు. రేకుల షెడ్డులో జరిగినదీ అదే. మెకానిక్కుల బిడ్డలు కూడా ఆ మెట్లెక్కారు. వారి ఫీజు కట్టినవి మసిచేతులే. “నా కష్టము నాతోనే పోవలె” అన్నది ఆ తండ్రుల కోరిక. కోరిక ఫలించిన ఇంట పానా పట్టేవాడు లేకపోయినాడు. లోకములో గురువులందరూ తమ విద్య వారసులకు అందవలెనని కోరుతారు. బిడ్డలకు అందకూడదని పాటుపడి గెలిచిన గురువులు వీరు.

యంత్రమూ మారింది. 1983లో మారుతి కారు వచ్చినది మొదలు కంపెనీ సర్వీసు కేంద్రాలు పెరిగినవి. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి ఆరు నిబంధనలు అమలులోనికి రావడముతో కొత్త మోటారుసైకిళ్ళలో సైతము కార్బరేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది. అదే సంవత్సరము చేతక్ పేరుతోనే విద్యుత్తుతో నడిచే స్కూటరు వెలువడింది. అందులో ప్లగ్గు లేదు, కార్బరేటరు లేదు, చెవి ఒగ్గి వినవలసిన చప్పుడు లేదు. 2017 నవంబరు నుండి ఈ రహదారి మీదుగానే మెట్రో రైలు పరుగెడుతున్నది. పొగ తగ్గడము మంచిదే. దానికి చింతించేవారెవరూ లేరు.

మెకానిక్కు పేరు చరిత్రలో నిలిచిన సందర్భము లేకపోలేదు. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబములో జన్మించిన జి.డి. నాయుడు (1893–1974) మోటారు సైకిలును విప్పి బిగించి యంత్రవిద్య నేర్చినవాడు. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పరిశ్రమలు స్థాపించాడు. లోకము ఆయనను జ్ఞాపకము పెట్టుకొన్నది ఆ పరిశ్రమలను చూచి. ఒక్క షెడ్డును, ఒక్క సంసారాన్ని నిలబెట్టినవానికి ఆ భాగ్యము లేదు.

అయినా చేయదగినది కొంత మిగిలి ఉన్నది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, బడిలో గాక పనిలో నేర్చిన నైపుణ్యానికి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు చేశారు. ధ్రువపత్రము యువకునికి పనికివస్తుంది. డెబ్బది దాటిన ఉస్తాదుకు దానితో పనిలేదు. అతనిని ఐ.టి.ఐ. తరగతి గదికి పిలిచి, కుర్చీ వేసి, ఒక పాత ఇంజనును ముందు పెట్టి, అతడు చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొనవలెను. ప్లగ్గు రంగు మొదలు బేరింగు చప్పుడు దాకా అతని మాటలలోనే ఒక చిన్న పుస్తకము తయారవుతుంది. మూడు భాషలు కలిసిన ఆ పనిమాటలు కూడా అందులో భద్రపడతవి. ఆ పని చేయడానికి పెద్ద ధనమక్కరలేదు. ఉస్తాదులు ఇంకా కొందరున్నారు. సాయంత్రము వేళ మూసిన షెడ్డు ముందు కూర్చుండి, రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడును బట్టి వాటి జబ్బులు చెప్పగలుగుతూనే ఉన్నారు.